లైటార్పితే భయం... పుస్తకం మూస్తే బెంగ!

రాత్రి పదిన్నర. వంటిల్లు సర్దడం అయింది. రేపటి ఇడ్లీపిండి గిన్నెలోకి తీసి మూత పెట్టారు. గ్యాసు కట్టేశారో లేదో రెండోసారి చూసుకున్నారు. పిల్లలు, ఆయన నిద్రపోయారు. హమ్మయ్య, ఈ అరగంట నాది అనుకుంటూ వారపత్రిక చేతిలోకి తీసుకున్నారు. ముగ్గుల పేజీ, వంటల పేజీ తిప్పేసి సరాసరి ఆ కథ దగ్గరికి వెళ్ళారు. పాడుబడ్డ బంగళా, తాళం వేసిన గది, లోపలి నుంచి గాజుల చప్పుడు... సరిగ్గా అప్పుడే మీ వంటింట్లో గిన్నె దబ్బున కింద పడింది!

ఏం చేశారు? నిజం చెప్పండి. లేచి వెళ్ళి చూశారా? లేక కాళ్ళు మంచం మీదికి ముడుచుకుని, "ఏవండీ... ఏవండీ" అని ఆయన్ని తట్టి లేపారా? పిల్లి అని తెలిశాక ఆయన విసుక్కుంటే, "అంత భయమైతే ఎందుకు చదువుతావ్?" అని అడిగితే ఏం జవాబు చెప్పారు?

నేనైతే ఏమీ చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే ఇన్నేళ్ళూ చదివాను. కొంత దొరికింది. అది మీతో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు.

చలవపందిరి కింద చందమామ

మాది వరంగల్లు మట్టెవాడ. భోగేశ్వరస్వామి గుడి ఉన్న పేట. సందులు ఇరుకు, ఇళ్ళు పాతవి. నడిరాత్రి స్టేషన్లో రైలు కూత వేస్తే మా పెరట్లో వేసినట్టే వినిపిస్తుంది. మా చిన్నతనంలో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. కందిలి వెలుగులో గోడ మీద మన నీడే మనకంటే పెద్దదిగా కనిపించే రోజులవి. దయ్యం కథకు ఇంతకన్నా ఏం కావాలి?

నా మొదటి భయం పేరు బేతాళుడు. మీలో చాలామందికి కూడా ఆయనే అయ్యుంటాడు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో మొదలుపెట్టిన చందమామ మనకిచ్చిన కానుక అది. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం... శంకర్ గారు వేసిన ఆ బొమ్మ మరిచిపోయినవాళ్ళుంటారా? ఆ చిత్రకారుడు 2020లో కన్నుమూశారని పేపర్లో చదివిన రోజు మా ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది. అసలు సంస్కృతంలోని బేతాళ కథలు పాతికే. అవి అయిపోయాక కూడా చందమామ వాళ్ళు కొత్తవి అల్లించి దశాబ్దాల పాటు వేశారు. మనం చదివాం.

చిన్నప్పుడు నాకు భయం వేసింది శవం మాట్లాడినందుకు. పెళ్ళయ్యాక, ఒకరోజు మా పెద్దవాడికి అదే కథ చదివి వినిపిస్తుంటే భయం ఇంకోచోట తగిలింది. విక్రమార్కుడి కష్టం చూడండి. జవాబు తెలిసి నోరు మూసుకుంటే తల పగులుతుంది. నోరు విప్పితే పడ్డ శ్రమంతా వృథా, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఉమ్మడి కుటుంబంలో కొత్త కోడలి సంగతి కూడా అంతే కదమ్మా! మాట్లాడితే ఒక తంటా, మాట్లాడకపోతే ఇంకో తంటా. నాకు నవ్వొచ్చింది. "ఎందుకు నవ్వుతున్నవ్ అమ్మా, ఇది భయం కథ గద" అన్నాడు వాడు. ఏం చెప్పను?

మంచి భయం కథ ఇలాగే పనిచేస్తుందని నాకు తర్వాత అర్థమైంది. దయ్యం పైపైన కనిపిస్తుంది. లోపల మన ఇంటి విషయమే ఒకటి దాగి ఉంటుంది.

కొంగు చాటున అద్దె పుస్తకం

కాస్త పెద్దయ్యాక అద్దె పుస్తకాల షాపు పరిచయమైంది. ఇప్పుడా షాపులు లేవు గానీ, ఒకప్పుడు చౌరస్తా దాకా కూరగాయలకు వెళ్తే సంచీలో వంకాయల కింద ఒక పుస్తకం రావలసిందే. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు మా ఇంటి చుట్టాల్లాగే ఉండేవాళ్ళు. మధుబాబు గారి షాడో కోసం మా తమ్ముడు, నేను కొట్టుకునేవాళ్ళం. మల్లాది వెంకటకృష్ణమూర్తి గారి చిన్న క్రైమ్ కథలైతే పప్పు ఉడికేలోగా ఒకటి అయిపోయేది. చివరి రెండు వాక్యాల్లో కథంతా తిరగబడేది. పప్పు అడుగంటేది!

ఇక యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం'. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు ఇళ్ళల్లో ఎంత కలకలం! అది చిన్న కథ కాదు, పెద్ద నవల. అయినా చెప్పకుండా ఉండలేను. ఎందుకంటే చేతబడి, కాష్మోరా అనే మాటలు అప్పటిదాకా ఎక్కడో ఊరి బయట ఉండేవి. ఆ నవలతో మన పడకగదుల్లోకి వచ్చాయి. పిల్లకు జ్వరమొస్తే నేను దిండు కింద చెయ్యి పెట్టి ఏదైనా బొమ్మ ఉందేమోనని తడిమి చూసిన రోజులున్నాయి. మీరూ చూశారా? సిగ్గుపడకండి.

ఇలాంటి రచనలకు 'క్షుద్ర సాహిత్యం' అని పేరుపెట్టి అప్పట్లో పెద్ద వాదమే జరిగింది. రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. నాకప్పుడు ఆమె మీద కోపమొచ్చింది. మనకున్న ఒక్క సరదా కూడా వద్దంటుందేమిటి ఈవిడ అనుకున్నాను. ఆ కోపం ఎందుకు చల్లారిందో కాస్త ఆగితే చెబుతాను.

పాలు పొంగడం, కుక్కరు కూత

అన్ని భయాలూ ఒకటి కాదు. సస్పెన్స్ సినిమాల మేటి హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోతో మాట్లాడుతూ ఈ తేడాను వివరంగా చెప్పాడు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే బల్ల కింద బాంబు ఢామ్మని పేలిందనుకోండి. చూసేవాళ్ళు పదిహేను సెకన్లు అదిరిపడతారు, అంతే. అదే ఆ బాంబు ఉన్న సంగతి మనకు ముందే చూపించి, ఆ ఇద్దరికీ తెలియకుండా ఉంచితే? పదిహేను నిమిషాల పాటు మన ప్రాణం గిలగిల్లాడుతుంది. "కబుర్లు ఆపి లేవండర్రా" అని అరవాలనిపిస్తుంది.

మన వంటింటి భాషలో చెప్పుకుందాం. అటు తిరిగి ఇటు తిరిగేలోగా పాలు పొంగిపోవడం మొదటి రకం. రెండు కూతలు వేసిన కుక్కరు మూడో కూత వేయకుండా బుసబుసమంటుంటే, వెయిట్ ఇరుక్కుందేమోనని దూరంగా నిలబడి చూడటం రెండో రకం. పాలు పొంగితే గుడ్డతో తుడిచేస్తాం, మరిచిపోతాం. కుక్కరు ముందు నిలబడ్డ ఆ రెండు నిమిషాలు మాత్రం ఎన్నాళ్ళయినా గుర్తుంటాయి.

మన తెలుగులో పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' ఉంది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్ళ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్న కథ. అందులో దయ్యం లేదు, హత్య లేదు. నీతి నియమాలు గట్టిగా పాటించే ఒక పెద్దమనిషి, రైల్లో తిరిగి అడుక్కునే ఒక ఆడమనిషి, ఒక తుపాను రాత్రి. అంతే. కానీ గాలి పెరుగుతున్నకొద్దీ ఆ పెద్దమనిషి నమ్ముకున్నవన్నీ ఒక్కొక్కటే ఎగిరిపోతుంటే నా ఒళ్ళు జలదరించింది. గాలికి కాదు సుమండీ. ఆయన స్థానంలో నేనుంటే నాకు మాత్రం ఏం మిగిలేదని!

మాంసం వండిన ఇల్లాలు

మా పెద్దవాడు ఇంగ్లీషు కథలు బాగా చదువుతాడు. నాకు ఇంగ్లీషులో అంత వేగం లేదు. అందుకని నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని తెలుగులో చెబుతాడు. అలా విన్నవాటిలో రెండు కథలు నాకు నిద్ర లేకుండా చేశాయి.

మొదటిది పిల్లల పుస్తకాలతో పేరుపొందిన రోల్డ్ డాల్ 1953లో రాసింది. భర్త పోలీసు. భార్య ఆరు నెలల గర్భిణి. ఆయన ఇంటికొచ్చే వేళకు అన్నీ సిద్ధం చేసుకుని ఎదురుచూసే ఇల్లాలు. ఆ సాయంత్రం అతను ఆమెను వదిలేస్తున్నానని చెబుతాడు. ఆమె మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, వంటకని ఫ్రీజర్లోంచి గడ్డకట్టిన గొర్రెకాలు తెచ్చి, వెనకనుంచి అతని తలమీద కొడుతుంది. తర్వాత అద్దం ముందు నిలబడి మామూలుగా మాట్లాడటం అభ్యాసం చేసి, కొట్టుకు వెళ్ళి కూరగాయలు కొనుక్కొస్తుంది. పోలీసులొచ్చి ఇల్లంతా గాలిస్తారు. ఆయుధం దొరకదు. ఈలోగా అది పొయ్యిలో ఉడుకుతూ ఉంటుంది! ఆకలితో ఉన్నారు, తినండని ఆమె బతిమాలితే ఆ పోలీసులే కూర్చుని సాక్ష్యమంతా తినేస్తారు. 1958లో హిచ్‌కాక్ దీన్ని టీవీకి తీశాడట.

నేను పడీపడీ నవ్వాను. చేతిలో చిక్కుడుకాయలు జారిపోయాయి. ఆ రాత్రి పక్కమీద వాలాక మాత్రం ఒక్కసారి ఉలిక్కిపడ్డాను. ఒక మనిషిని చంపిన కథ విని నేనెందుకు నవ్వాను? ఎవరి పక్షాన ఉన్నాను? వేళకు తిండి పెట్టి, చెప్పులు అందించి, చివరకు 'నువ్వు అక్కర్లేదు' అనిపించుకున్న ఆడదాని కోపం నాకంత దగ్గరగా ఎలా తగిలింది? భయం కథ మనల్ని మనకే చూపిస్తుంది. ఆ చూపు ఎప్పుడూ బాగుండదు.

తలుపు గడియ

రెండోది ఇంకా పాతది. డబ్ల్యు.డబ్ల్యు. జేకబ్స్ 1902లో రాసిన కోతి చెయ్యి కథ. ముసలి దంపతులు, ఒక్కగానొక్క కొడుకు. ఎండిన కోతి చెయ్యి ఒకటి మన దేశం నుంచి వెళ్ళిన సిపాయి ద్వారా వాళ్ళ ఇంటికి చేరుతుంది. అది మూడు కోరికలు తీరుస్తుంది. రెండు వందల పౌన్లు కావాలని కోరుకుంటారు. డబ్బు వస్తుంది. ఎలా? కొడుకు పనిచేసే చోట యంత్రంలో పడి చనిపోతే ఇచ్చిన పరిహారంగా! కొన్నాళ్ళకు తల్లి పట్టుబట్టి రెండో కోరిక కోరిస్తుంది, వాణ్ణి బతికించి పంపమని. అర్ధరాత్రి తలుపు చప్పుడవుతుంది. తల్లి గడియ తియ్యడానికి పరుగెడుతుంది. నుజ్జయిపోయి, పది రోజులు మట్టిలో ఉన్న మనిషి ఎలా వచ్చి ఉంటాడో తండ్రికి తెలుసు. గడియ ఊడేలోగా మూడో కోరిక కోరేస్తాడు. చప్పుడు ఆగిపోతుంది. బయట వీధి ఖాళీ.

"తలుపవతల ఏముందో రాయలేదు చూడు అమ్మా, అందుకే అంత భయం" అన్నాడు మావాడు.

నాకు తలుపవతలి దాని మీద ధ్యాసే లేదు. పైగడియ అందక కుర్చీ జరుపుకుంటున్న ఆ తల్లి దగ్గరే ఆగిపోయాను. ఎలా వచ్చినా సరే, ఏ రూపంలో వచ్చినా సరే, నా బిడ్డే కదా అనుకుంది ఆవిడ. నేనైనా గడియ తీసేదాన్నే. మీరు? ఇద్దరు పిల్లల తల్లులు నలుగురు కూర్చున్నప్పుడు ఈ కథ చెప్పి అడిగి చూడండి. ఒక్కరు కూడా వెంటనే జవాబు చెప్పలేరు.

నేను లోపలికి వెళ్ళని గది

ఇప్పుడు అసలు సంగతి. చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పుకోనిది.

మా యారాలు తల్లి లేని పిల్ల. అందుకని కాన్పు మా ఇంట్లోనే చేశాం. ఆడపిల్ల పుట్టింది. పదిహేను రోజులు బాగానే ఉంది. తర్వాత మాట తగ్గిపోయింది. నిద్ర లేదు. పాప ఏడ్చినా ఎత్తుకునేది కాదు. జుట్టు విరబోసుకుని గోడవైపు చూస్తూ కూర్చునేది. ఒకరోజు "ఆ గోడల ఎవరో ఉన్నరు అక్కా" అంది.

"బాలింతకు గాలి సోకింది" అన్నారు పెద్దవాళ్ళు. "నువ్వు ఆ అర్రలకు పోకు, పిల్లలను అసలే పోనియ్యకు" అంది అత్తమ్మ. ఎవరో మంత్రగాణ్ణి పిలిపించారు. వేపమండలు, మిరపకాయల పొగ. ఆ పొగకు పసిపిల్ల ఉక్కిరిబిక్కిరై ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది.

అత్తమ్మది పాతకాలం. నాకేమైంది? చదువుకున్నదాన్ని. కానీ నేను చదివిందేమిటి! విరబోసిన జుట్టు, గోడ మీద చూపు, అర్ధరాత్రి నవ్వు... ఇలాంటి ఆడది కనిపిస్తే అది దయ్యమేనని నలభై కథలు నాకు నేర్పి పెట్టాయి. పళ్ళెంలో అన్నం తెచ్చి గడప దగ్గర పెట్టి వచ్చేదాన్ని. నెలరోజులు ఒక్క పూటైనా ఆ గదిలోకి అడుగుపెట్టి ఆమె పక్కన కూర్చోలేదు.

పాపకు నెలన్నర టీకా వేయడానికి వచ్చిన నర్సమ్మ పుణ్యాన బయటపడ్డాం. తల్లిని ఒక్కసారి చూసి, "ఇది గాలి కాదు, ధూళి కాదు. కాన్పు తర్వాత కొందరికి వచ్చే జబ్బు. ఇవాళే డాక్టరు దగ్గరికి తీసుకపొండ్రి" అని మా మరిదిని గట్టిగా మందలించింది. మందులు పడ్డాయి. వారాలు పట్టింది గానీ మనిషి తేరుకుంది. ఆ పాప ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది.

చాలా ఏళ్ళ తర్వాత మావాడు ఇంకో కథ చెప్పాడు. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ అనే అమెరికా రచయిత్రి 1892లో అచ్చువేసిన 'పసుపుపచ్చ గోడ కాగితం' కథ. కాన్పయిన ఒక స్త్రీ దిగులులో పడుతుంది. డాక్టరైన భర్తే ఆమెకు విశ్రాంతి కావాలని మేడమీద గదిలో ఉంచుతాడు. ఏ పనీ చెయ్యొద్దు, ఏమీ రాయొద్దు అంటాడు. చూడటానికి గోడకంటించిన పసుపు కాగితం తప్ప ఏమీ లేదు. రోజులు గడిచేకొద్దీ ఆ కాగితం మీది గీతల వెనక ఒక ఆడమనిషి చిక్కుకుని కదులుతున్నట్టు ఆమెకు కనిపించడం మొదలవుతుంది...

నేను మధ్యలోనే లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. కాళ్ళు వణికాయి. అది కథ కాదు, మా ఇల్లు. గిల్మన్ కూడా సొంత అనుభవంలోంచే రాసిందట. 1885లో కూతురు పుట్టాక దిగులు జబ్బు పడితే, పేరుమోసిన డాక్టరు విశ్రాంతి చికిత్స చేసి, ఇక కలం ముట్టుకోవద్దన్నాడు. మతి చెడే దాకా వచ్చి, ఆ సలహా పక్కనపెట్టి బయటపడింది. తన కథ ఎవరినీ పిచ్చివాళ్ళను చేయడానికి కాదు, పిచ్చివాళ్ళు కాకుండా కాపాడటానికి రాశానని 1913లో చెప్పుకుంది.

చూశారా! నలభై కథలు నన్ను గడప బయట నిలబెట్టాయి. ఒక్క కథ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆ నలభైలో మనం దయ్యాన్ని బయటనుంచి చూస్తాం. ఈ ఒక్కదానిలో గది లోపల ఉన్న మనిషే మనతో మాట్లాడుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

మరునాడు యారాలి ఇంటికి వెళ్ళాను. టీ పెట్టింది. చెప్పలేక చెప్పలేక చెప్పాను. ఆమె చాలాసేపు ఊరుకుని, "గోడల కనబడ్డదానికి నాకంత భయం కాలేదక్కా. మీరు గడపకాడ పళ్ళెం పెట్టి, నా మొఖం చూడకుంట పోతుంటిరి గద, దానికి భయమైతుండె" అంది. తర్వాత తనే నా చెయ్యి పట్టుకుని, "పోనీలే, చాయ్ చల్లారుతున్నది" అంది.

రంగనాయకమ్మ గారి మీద నా కోపం చల్లారింది ఆ రోజే. చేతబడి చేశారన్న అనుమానంతో ఊళ్ళల్లో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన తెలంగాణలో ఎన్నిసార్లు చదవలేదూ? భయం కాగితం మీద ఉన్నంతవరకే కాలక్షేపం. దాన్ని తీసుకెళ్ళి పక్కమనిషి మొహానికి అంటిస్తే అది పాపం.

మరి చదవడం మానేశారా అంటే...

మానలేదు. ఎందుకు మానాలి? భయం కథ చదివేటప్పుడు గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమరుస్తాయి. ఒంట్లో ఎడ్రినలిన్ అనే రసాయనం చేసే పని అది. కానీ మనం మంచం మీద క్షేమంగా ఉన్నామని మనసుకు తెలుసు. కథ అయిపోగానే దడ తగ్గి, ఒళ్ళు తేలికపడుతుంది. పగలంతా ఇంట్లో దాచుకున్న చిన్నా పెద్దా భయాలు, పిల్లల చదువు, ఆయన ఆరోగ్యం, నెలాఖరు ఖర్చు, ఒక్క అరగంట ఆ దయ్యం నెత్తిన వేసి కడుక్కుంటాం. ఇదే మా ఆయన ప్రశ్నకు నా జవాబు.

కాకపోతే ఇప్పుడు కథ చదవగానే ఒక ప్రశ్న వేసుకుంటాను. ఈ దయ్యం ఎవరు? బతికున్నప్పుడు ఆమెకు ఏమైంది? మన కథల్లో దయ్యాలు ఎక్కువమంది ఆడవాళ్ళే కదా. కాస్త గమనించండి. చాలా కథల్లో ఆమెకు ఏదో అన్యాయం జరిగి ఉంటుంది. బతికుండగా ఎవరూ వినలేదు, చచ్చాకైనా వినండని వస్తుంది. ఆ సంగతి చెప్పే కథ మంచి కథ. ఊరికే జుట్టు విరబోసి చూపించేది పాలపొంగు కథ.

అనుభవం మీద నాలుగు మాటలు

* ఐదారేళ్ళలోపు పిల్లలకు కథ, నిజం విడదీసుకోవడం కష్టం. దయ్యం కథ చెప్పక తప్పకపోతే పగటిపూట చెప్పండి. చివర్లో దయ్యం ఓడిపోవాలి, లేదా నవ్వించాలి.

* అన్నం తినకపోతే బూచాడు పట్టుకుపోతాడని బెదిరించకండి. ఆ పూట ముద్ద దిగుతుంది గానీ, చీకట్లో బాత్రూముకు ఒంటరిగా వెళ్ళని భయం ఏళ్ళ తరబడి ఉంటుంది.

* పిల్లలు సెల్‌ఫోనులో భయం కథలు వింటుంటే లాక్కోవడం కన్నా పక్కన కూర్చుని మీరూ వినండి. "నువ్వైతే తలుపు తీస్తావా?" అని అడగండి. వాళ్ళ మనసులో ఏముందో తెలుస్తుంది.

* పడుకోబోయే ముందు చదివి నిద్ర పట్టకపోతే, వంటల పేజీ తిప్పండి. రేపటి కూరేమిటో ఆలోచిస్తే ఏ దయ్యమైనా పారిపోతుంది!

* అన్నిటికన్నా ముఖ్యమైనది. కాన్పయిన మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉండేదే. సాధారణంగా రెండు వారాల్లోపు తగ్గుతుంది. అంతకు మించి దిగులు, నిద్రలేమి, బిడ్డమీద ధ్యాస లేకపోవడం ఉంటే అది జబ్బు. మన లాంటి దేశాల్లో కాన్పయిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి ఇలాంటి మానసిక బాధ, ముఖ్యంగా దిగులు, ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లేనివి కనిపించడం, వినిపించడం వెయ్యిలో ఒకరిద్దరికే వస్తుంది గానీ, వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. తల్లిని, బిడ్డను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. దారి తెలియకపోతే 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ ఉంది. 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ అంకె వంటింటి క్యాలెండరు మీద ఇప్పుడే రాసుకోండి.

ఈమధ్య మా ఇంటికి వచ్చినప్పుడు యారాలు నా దిండు పక్కనున్న పుస్తకం తీసి అట్ట చూసింది. అట్ట మీద మామూలే, తెల్లచీర, విరబోసిన జుట్టు. "ఇంక గివే చదువుతున్నవా అక్కా?" అని నవ్వింది. "పట్టుకపో, బాగుంది" అన్నాను. "ఒక్కదాన్ని చదవ, భయం. నువ్వే చదువు, ఇంట" అంది.

కరెంటు ఉన్నా లైటు తగ్గించాం. ఇద్దరం ఒకే మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. స్టేషన్లో రైలు కూత వేసింది. వంటింట్లో గిన్నె పడింది.

ఇద్దరం కలిసే వెళ్ళి చూశాం. పిల్లే!